సుంకమ్మ నిలబడే చోటు

తిప్పన్నకు మిషనుతో ఏనాడూ పేచీ రాలేదు. పేచీ అంతా మనుషులతోనే. ముదిగుబ్బ చుట్టుపక్కల ఎండిపోయిన చీనీ బత్తాయితోట కొట్టేయాలన్నా, గట్టు మీద తుమ్మచెట్టు తీసేయాలన్నా జనం ముందుగా ఆయన పేరే చెప్పేవాళ్లు. ఆ వెంటనే "పనిమంతుడే గానీ ఆ నోరుంది చూడు" అని నవ్వేవాళ్లు. పెట్రోలుతో నడిచే ఆ రంపం మిషనును ఆయన చూసుకున్నంత పద్ధతిగా తన ఒంటిని కూడా చూసుకోడు. పొద్దున్నే చైను బిగువు వేలితో లాగి చూస్తాడు, పళ్లకు ఆకురాయి పట్టిస్తాడు, ఆయిలు కలిపిన పెట్రోలు గుడ్డలో వడగట్టి పోస్తాడు. మిషను వేడిగా ఉండగానే ఎవడైనా పెట్రోలు పోయబోతే వాడు తనకు తెలిసినవాడా కాదా అని కూడా ఆలోచించడు, తిట్టడం మొదలుపెడతాడు.

అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఇంకొకటి ఉంది. తోడు మనిషి లేకుండా మిషను పట్టకూడదు. ఇది తిప్పన్న పెట్టింది కాదు, ఆయన భార్య సుంకమ్మ పెట్టింది.

మిషను మొదలైతే కోసేవాడికి ప్రపంచం ఉండదు. చెవులకు డిప్పలు, మొహానికి జాలీ, చూపంతా చైను మీద. పైన కొమ్మ ఏమవుతోందో, మాను ఎటు కదులుతోందో చూసేవాళ్లు వేరే ఉండాలి. ఆ పని సుంకమ్మది. చెట్టు పొడవుకు రెండింతల దూరంలో, ఆయనకు ఎదురుగా, భుజాన ఎర్ర టవాలు వేసుకుని నిలబడేది. ప్రతి కోతకూ ఆయన వేగం మీట వదిలి తలెత్తి చూసేవాడు. టవాలు భుజం మీదే ఉంటే కోయవచ్చు. పైకి లేచిందంటే ఉన్నపళంగా ఆపేయాలి. ఎందుకు ఎత్తావని అడగడం తర్వాత, ముందు ఆపడం. వాళ్ల కాపురంలో సగం మాటలు ఆ టవాలుతోనే గడిచిపోయాయి. మిగతా సగంలో ఆమె మాట్లాడేది, ఆయన గొణిగేవాడు.

పోయిన వానాకాలంలో, వాన పడని వానాకాలంలో, సుంకమ్మ జ్వరమొచ్చి చనిపోయింది.

ఆ తర్వాత తిప్పన్న తోడు కోసం వెతకలేదని కాదు. వీరేష్ అని ఒకడు వచ్చాడు. మంచివాడే, కానీ వాడి చూపు చెట్టు మీద కాక చేతిలోని ఫోను మీద ఉండేది. వాడు ఫోను చూసి నవ్వుకుంటున్న సమయంలో ఒక చెట్టు పడాల్సిన వైపు కాకుండా పక్కకు పడింది. ఆ సాయంత్రమే వాణ్ణి పంపేశాడు. ఇంకొకడు మిషను తిరుగుతుండగా అగ్గిపెట్టె కావాలని వెనక నుంచి వచ్చి భుజం తట్టాడు. వాడు ఆ సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఇక ఎవరూ రాలేదు. రమ్మని ఆయన అడగనూ లేదు.

చివరికి ఒక గుంజ చేసుకున్నాడు. మనిషి ఎత్తున్న గట్టి తుమ్మ గుంజ. సుంకమ్మ నిలబడాల్సిన చోట దాన్ని పాతి, పైన ఆమె ఎర్ర టవాలు కట్టేవాడు. చేలల్లో పిట్టలకు బెదురుబొమ్మ పెడతారు కదా, పిట్టలు నమ్మగా లేనిది నేను నమ్మితే ఏం పోయిందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. నిజానికి కొంత పనికొచ్చింది కూడా. ప్రతి కోతకూ మీట వదలడం, తలెత్తి చూడటం అలవాటుగా జరిగిపోయేవి. తొందరపాటు తగ్గేది. ఒక్కటే లోటు, ఎన్నిసార్లు చూసినా ఆ టవాలు లేచేది కాదు.

అలా ఉండగా సుబ్బరత్నమ్మ తోట పని వచ్చింది.

ఆమె భర్త ఓబుళేసు మూడో బోరు కూడా ఎండిపోయాక బెంగుళూరు వెళ్లి ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా ఉంటున్నాడు. రెండు ఎండాకాలాలు ట్యాంకర్ నీళ్లు తోలి బతికించిన చీనీచెట్లు మూడో ఎండాకాలానికి ఆకు ముడిచి, కాయలు పిందెల్లోనే నల్లబడి, నిలబడినచోటే చచ్చిపోయాయి. కొట్టేయించమని ఓబుళేసు అక్కణ్ణుంచి ఫోను చేశాడు. చేతులారా నాటిన చెట్లను కొట్టించాల్సిన పని మాత్రం ఇక్కడున్న సుబ్బరత్నమ్మ నెత్తిన పడింది.

తిప్పన్న మోపెడ్ దిగి మిషను దించుకుంటుంటే ఆమె గడపలో నిలబడి చూసింది.

"నువ్వొక్కడివే వచ్చినావే అప్పా. మొగుడూ పెండ్లాం ఇద్దరూ వస్తారనె మా ఆయన."

"ఆయమ్మ వెనకాల ఆటోలో వస్తాండాది అక్కా" అన్నాడు తిప్పన్న.

అబద్ధం ఆడాలని అనుకోలేదు. ఈ మధ్య అందరికీ ఇదే చెబుతున్నాడు. సుంకమ్మ లేదని చెబితే ఎదుటివాళ్లు "అయ్యో" అంటారు. ఆ అయ్యో తర్వాత ఏం మాట్లాడాలో ఆయనకు తెలియదు. ఒంటరిగా ఉన్నవాడికి అన్నిటికంటే బరువైనది ఇతరుల జాలి. వెనకాల వస్తోందని చెబితే ఆ బరువు ఉండదు, పైగా ఆ ఒక్క నిమిషం సుంకమ్మ నిజంగానే ఆటోలో వస్తున్నట్టు ఉంటుంది.

"సరే అప్పా. నేను తలుపులేసుకొని లోపల పడుకుంటా. ఆ సప్పుడు వినలేను, చెట్లు పడేది సూడలేను. నీకేమన్నా కావాలంటే ఆయమ్మను పంపియ్" అని సుబ్బరత్నమ్మ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కిటికీ కూడా మూసిన చప్పుడైంది.

తిప్పన్న మొదటి వరుస చివర గుంజ పాతాడు, టవాలు కట్టాడు, ఫోనూ నీళ్ల సీసా ఉన్న సంచిని దానికే తగిలించాడు. మిషనును నేల మీద ఆనించి, కాలితో తొక్కిపట్టి తాడు లాగాడు. మూడోసారికి అందుకుంది. చీనీచెట్టు పెద్దది కాదు, కానీ మొండిది. కింది నుంచే నాలుగు పక్కలకూ కొమ్మలు వేస్తుంది, ముళ్లు దాచుకుని ఉంటుంది. ముందు కింది కొమ్మలు తీసి, కాళ్లకు అడ్డం రాకుండా ఈడ్చేసి, తను వెనక్కి తప్పుకునే దారి చూసుకుని, ఆ తర్వాతే మానుకు చైను ఆనించేవాడు. చైను తిరిగే బారు కొన మానుకు తగలనివ్వడు. కొన తగిలితే మిషను ఎగిరి మొహం మీదికి వస్తుంది. రెండు చేతులూ పిడులు వదలవు. కోత, తలెత్తి చూడటం, మళ్లీ కోత. వరుస అయిపోగానే గుంజ పీకి తర్వాతి వరుసలో పాతడం.

మధ్యాహ్నానికి సగం తోట నేల మీద ఉంది. ఆ మెట్ట మీద ఇక కంటికి అడ్డు లేకుండా పోయింది. దూరాన సుబ్బరత్నమ్మ ఇల్లు, దాని వెనక బోడి గుట్ట, మధ్యలో ఎండ. ఆకలి వేస్తోంది. గట్టు మీద వంగి ఉన్న పాత తుమ్మ ఒకటి మిగిలింది. దాన్ని కూడా తీసేస్తే ఈ పక్క పని అయిపోతుంది, అప్పుడు తినొచ్చు అనుకున్నాడు.

గుంజ వెనక వరుసలోనే ఉండిపోయింది. తుమ్మ దగ్గర నిలబడితే అది తన వీపు వైపు పడుతుంది. ఈ ఒక్క చెట్టుకు దాన్ని పీకి మళ్లీ పాతాలా అని బద్ధకించాడు. సుంకమ్మ అయితే ఆయన కదిలిన ప్రతిసారీ తనూ నడిచి వచ్చి ఎదురుగా నిలబడేది. ఒక్కసారి కూడా రమ్మని పిలవలేదు. అదొక పనని ఆయన ఎప్పుడూ అనుకోనూ లేదు.

వంగిన చెట్టు సాఫీగా తెగదు. దాని బరువంతా ఒక పక్కకు లాగుతూ ఉంటుంది. వాలిన వైపు గాటు తీసి, వెనక వైపు నుంచి కోత మొదలుపెట్టాడు. సగం కోశాక అలవాటుగా మీట వదిలి తలెత్తాడు. ఎదురుగా ఏమీ లేదు, తెల్లటి ఎండ తప్ప. తల దించుకుని మళ్లీ కోశాడు. అదే సమయానికి మాను కోత దగ్గర నుంచి పైకి నిలువునా చీలడం మొదలైంది. ఎదురుగా ఎవరైనా ఉంటే ఆ చీలిక కనబడేది. డిప్పల కింద ఆయన చెవులకు ఆ పటపటలు వినబడలేదు.

మాను ఎగిరి వెనక్కి కూర్చుంది. తిప్పన్న తను చూసుకున్న దారిలోనే వెనక్కి దూకాడు, అందుకే ప్రాణం మిగిలింది. మణికట్టు తగిలి పిడి ముందున్న బ్రేకు పడింది, చైను ఆగింది, మిషను దొర్లి ఆరిపోయింది. కానీ పంగలకొమ్మ ఒకటి కుడికాలిని మోకాలి కింద పట్టి గట్టు మన్నులోకి అదిమేసింది. మన్ను మెత్తగా ఉండబట్టి ఎముక విరగలేదు. లాగితే మాత్రం రాలేదు.

ముందు బుద్ధిగా ఆలోచించాడు. మిషను అందుతుందేమో చూశాడు, అందలేదు. అందినా పడుకుని కోయడం చావును పిలవడమే. ఫోను గుంజకు తగిలించిన సంచిలో ఉంది. మెడ తిప్పితే ఎర్ర టవాలు కనిపిస్తోంది. ఇరవై అడుగులేస్తే అందే దూరం, ఆ ఇరవై అడుగులే లేవు.

అప్పుడు అరిచాడు. "ఓ అక్కా" అని మొదలుపెట్టాడు. ఎండిన గొంతు మొదట సరిగా పెగల్లేదు. తలుపులు మూసుకున్న ఇల్లు ఉలకలేదు. ఎండ మొహం మీదికి వచ్చింది. కాలు మొద్దుబారుతోంది. ఎప్పుడు మారిందో తెలియదు గానీ, కొంతసేపటికి ఆయన నోట వస్తున్న పేరు వేరేది.

"సుంకా... ఓ సుంకమ్మా..."

తన గొంతు తన చెవినే పడి సిగ్గేసింది. అయినా ఆపలేదు. ఏడాదిగా ఇంట్లో ఆ పేరు పైకి అనలేదు, అనడానికి ఎదురుగా ఎవరూ లేక. ఇప్పుడు ఎవరూ వినడం లేదు కాబట్టి కడుపునిండా పిలుచుకున్నాడు. ఇక్కడే పోతే ఏమవుతుందని ఆలోచించాడు. వచ్చి చూసేదెవరు? వీరేష్ నాలుగు రోజులు చెప్పుకుంటాడు. మోపెడ్ ఎవరిదో అని ఊళ్లో అడుగుతారు. చావంటే ఆయనకు అంత భయం లేదు. తను లేనట్టు ఎవరికీ తెలియకుండా రోజు గడిచిపోవడం, అదే గుండెను పిండేసింది. ఏడ్చాడు. ఆ మెట్ట మీద ఒక మగవాడు అంత గట్టిగా ఏడిస్తే ఎవరికీ వినపడకపోవడం కూడా ఒక సౌకర్యమే.

పొద్దు కొంచెం వాలాక ఎవరో తిడుతున్న గొంతు వినిపించింది.

"ఏమ్మే, నిన్నే. మొగుడు అంత గొంతు చించుకొని పిలుస్తాంటే కదలకుండా అట్లనే నిలబడుకోనుండావే. నీకేమన్నా చెవుడా? ఏం ఆడదానివి నువ్వు?"

సుబ్బరత్నమ్మ. నెత్తిన గంప పెట్టుకుని, నరికిన కొమ్మల మధ్య చూసి చూసి అడుగులేస్తూ, నేరుగా గుంజ వైపు వస్తోంది. తిడుతున్నది సుంకమ్మను.

తిప్పన్న మెడ తిప్పి చూశాడు. ఏడాది తర్వాత మొదటిసారి ఎవరో సుంకమ్మను తిడుతున్నారు. తిట్టాలంటే మనిషి ఉండాలి కదా. ఆ కాస్త దూరం నడిచినంతసేపూ సుబ్బరత్నమ్మ లెక్కలో సుంకమ్మ అక్కడే ఉంది. ఆమె గుంజను చేరేదాకా పిలవకుండా ఉండాలని, ఇంకొంచెంసేపు తిట్టనీయాలని ఆయనకు అనిపించింది, కాలు నొప్పి ప్రాణం తీస్తున్నా సరే.

ఆమె గుంజ దగ్గర ఆగింది. టవాలును చూసింది. చేత్తో తాకింది.

"ఈడ, అక్కా" అన్నాడు తిప్పన్న.

సుబ్బరత్నమ్మ గంప దించి పరుగెత్తుకొచ్చింది. రాగానే కొమ్మ మీద చేయి వేయబోయింది.

"మాను ముట్టొద్దు, దొర్లుతాది. ముందు ఆ రాయి తెచ్చి ఈ పక్క ఆనించు. ఆ... ఇప్పుడు పోయి గుంజ పీకుకోని రా."

ఆమె గుంజ పీకింది. టవాలు విప్పలేదు, విప్పే తీరిక లేదు. కొమ్మ కింద గుంజ దూర్చి, రాతి మీద ఆనించి, తన బరువంతా వేసి కిందికి తొక్కింది. రెండుసార్లు జారింది. మూడోసారి కొమ్మ బెత్తెడు లేచింది. తిప్పన్న చేతుల మీద వెనక్కి పాక్కుంటూ కాలు లాక్కున్నాడు.

ఇద్దరూ గట్టు మీద కూలబడ్డారు. నీళ్లు తాగాక ఆమె గంప దగ్గరికి లాక్కుంది. రెండు రాగి సంగటి ముద్దలు, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి, తినడానికి రెండు తట్టలు.

"ఆయమ్మ యాడ అప్పా?"

"లేదక్కా. పోయిన వానాకాలంలో పాయ."

సుబ్బరత్నమ్మ అయ్యో అనలేదు. కోపంగా చూసింది.

"మరి వెనకాల వస్తాండాది అంటివే. నీ అబద్ధం నిన్నే సంపేసిండును కదప్పా. సప్పుడు ఆగిపోయినప్పుడే నేను లేసినా. కిటికీ తీస్తే ఎర్రగా కనపడె. ఆయమ్మ ఉండాదిలే, తింటాండారేమోలే అని మళ్ల కూర్చుంటి. సుంకమ్మా సుంకమ్మా అని నువ్వు పిలుస్తాంటే కూడా, పెండ్లాన్ని పిలుచుకుంటాండాడు, మనకెందుకులే అనుకుంటి."

"సప్పుడు వినలేనంటివి కదా అక్కా."

"తలుపులేసుకుంటే వినపడకుండా పోతాదా? ఒక్కోటి పడేది ఈడ కొట్టుకుంటాండె" అని గుండె మీద చేయి వేసుకుంది. "నా చెట్లప్పా అవి."

తిప్పన్న తట్ట దగ్గరికి లాక్కున్నాడు. మిషను మొదలైతే తను ప్రపంచంలో లేనట్టేనని ఇన్నాళ్లూ అనుకున్నాడు. పొద్దుటి నుంచి మూసిన తలుపు వెనక ఒక మనిషి ఆ చప్పుడును ఒక్కటీ వదలకుండా వింటూనే ఉంది. అది ఆగిపోతే లేచి నిలబడింది కూడా. ఆ మనిషిని రాకుండా ఆపింది ఎవరో కాదు, తను పాతిన గుంజే. ఒక ముద్ద తను తిన్నాడు. సుంకమ్మ కోసం తెచ్చిన రెండో ముద్ద సుబ్బరత్నమ్మ తిన్నది. ఎవరూ తినకపోతే అది అక్కడే ఉండిపోతుంది, అది ఇద్దరికీ ఇష్టం లేదు.

కాలు కుదురుకోవడానికి నెల పైనే పట్టింది. మిగిలిన సగం తోట అలాగే నిలబడి ఉంది. ఓబుళేసు వేరే వాళ్లతో కొట్టించమన్నా ఆమె వినలేదట. తిప్పన్న మోపెడ్ మీద వచ్చాడు గానీ మిషను దించలేదు. గుంజ తేలేదు. భుజాన ఎర్ర టవాలు మాత్రం ఉంది.

"నాకు తోడు దొరకలే అక్కా. ఒక్కణ్ణే కోయను. వేరే వాళ్లను సూసుకో, అది సెప్పిపోదామని వచ్చినా."

సుబ్బరత్నమ్మ కొంచెంసేపు తోట వైపు చూసింది. తర్వాత చేయి చాపి ఆయన భుజం మీది టవాలు తీసుకుంది.

"యాడ నిలబడాల్నో సెప్పు."

"నీతో కాదక్కా. నువ్వు సూడలేవు."

"యాడ నిలబడాల్నో సెప్పమంటి."

చెప్పాడు. ఎంత దూరంలో ఉండాలో, తను కదిలితే ఎటు నడవాలో, ఏం కనబడితే ఎత్తాలో. మిషను తిరుగుతుంటే ఏం జరిగినా దగ్గరికి రాకూడదని చెప్పాడు. తిట్టకుండా ఇంత పొడుగు మాట్లాడటం ఆయనకే వింతగా ఉంది.

"ఇంకొకటి అక్కా. సెట్టు పడేటప్పుడు కండ్లు మూసుకోకూడదు."

"అదొక్కటే కష్టమప్పా" అంది ఆమె. అని, టవాలు భుజాన వేసుకుని సుంకమ్మ నిలబడే చోటికి నడిచింది.

పొద్దంతా పని సాగింది. కోత, తలెత్తి చూడటం. చూసిన ప్రతిసారీ ఆమె అక్కడే ఉంది, బిగించిన పెదాలతో, తెరిచిన కళ్లతో. వరుస మారితే తనే నడిచి ఎదురుగా వచ్చింది. చివరికి ఇంటి పక్కన ఒక్క చెట్టు మిగిలింది. అది ఆమె అన్నిటికంటే ముందు నాటిన చెట్టు. ఆ మాట ఆమె చెప్పలేదు. దాని మొదట్లో పేర్చిన రాళ్ల వరసను బట్టి ఆయనకే తెలిసింది.

మొదటి కోత కోసి తలెత్తాడు. ఎర్ర టవాలు గాలిలోకి లేచింది.

తిప్పన్న చేతులు ముందే తెలిసినట్టు కదిలాయి. బ్రేకు వేశాడు, మిషను ఆర్పాడు, కింద పెట్టాడు. ఆ టవాలు లేవడం చూసి ఏడాది దాటింది. డిప్పలు తీసేసి పైకి చూశాడు, మాను చుట్టూ చూశాడు. ఎక్కడా ఏమీ లేదు.

"ఏమైందక్కా?"

"ఏం కాలే. ఎత్తితే సూస్తావో లేదో అని ఎత్తినా."

ఆయన జాలీ పైకి తీసి మొహం తుడుచుకున్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు, దాచలేదు.

"సూస్తానక్కా."

"సరే, కోయి" అంది సుబ్బరత్నమ్మ. టవాలు మళ్లీ భుజాన వేసుకుంది. "నేనూ సూస్తాంటా."

ఆయన మిషనును కాలితో తొక్కిపట్టి తాడు లాగాడు. చెట్టు పడేటప్పుడు ఆమె కళ్లు మూసుకోలేదు.